సాక్ష్యాలు చూసే అరుగు

మా పెద్దమ్మ మార్తమ్మను సమాధి చేసిన మరుసటి వారం, మొయినాబాదులో నేను ఒంటరిగా ఉంటున్న ఇంటికి సుగుణక్క వచ్చింది. ఊరి నుంచి పెద్ద రోడ్డు దాకా నడిచి, బస్సెక్కి, దిగిన చోట ఆటో మాట్లాడుకుని, వీధులన్నీ తిరిగి, చివరకు కింద ఉన్న కాపలా మనిషి చేత నాకు ఫోను చేయించింది. డెబ్బైకి దగ్గరపడిన మనిషి. మెట్ల మీద రెండుసార్లు ఆగిందని కాపలా మనిషి తరువాత చెప్పాడు. లోపలికి వచ్చి కుర్చీ అంచున కూర్చుని, నేనిచ్చిన టీ మీద మీగడ కట్టేదాకా దాన్ని ముట్టుకోలేదు. మా ఊరిలో ఆమె ఇంటికీ పెద్దమ్మ ఇంటికీ మధ్య ఉన్నది ఒక సందు మాత్రమే. అయినా నలభై ఏళ్లకు పైగా పెద్దమ్మ అరుగు ఎక్కని మనిషి నా ఇల్లు వెతుక్కుంటూ రావడం నాకు ఆశ్చర్యం కలిగించింది.

ఆదివారం గుడి ముందర పెద్దమ్మను తలచుకునే ఆదరణ కూటం పెడుతున్నారు కదా, అందులో తాను సాక్ష్యం చెప్పాలన్నది సుగుణక్క. దానికి నా అనుమతి దేనికి, చెప్పమన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఉత్త సాక్ష్యం గాదు చెల్లె. మార్తవ్వ నా కోసం గుళ్లె నిలవడి అబద్ధమాడిందని చెప్పాలె. ఆ శనివారం నువ్వు అరుగు మీదనే ఉన్నవు, ఇన్నవు. నువ్వు గూడ నిలవడాలె."

ఆ మాట అంత తేలికగా ఒప్పుకోదగినది కాదు. మా ఊరి క్రైస్తవ కుటుంబాలన్నిటికీ పెద్దమ్మ గురించి తెలిసిన సంగతి ఒకటున్నది. ఆమె జీవితంలో ఒక్కసారి పొరపాటు చేసింది, ఆ పొరపాటు వల్ల సుగుణ ప్రాణం మీదికి వచ్చింది అన్నదే అది. నిజం మరొకటి. పెద్దమ్మ పొరపాటు చేయలేదు, చేశానని అబద్ధమాడింది. పొరపాటు నుంచి ఆమెను విడిపించాలంటే అబద్ధంలో నిలబెట్టాలి. గుడిలో, దేవుని ఎదుట, సంఘమంతా వింటుండగా ఆడిన అబద్ధంలో. చనిపోయిన మనిషి పేరును ఏ వైపు నిలపాలో ఆదివారం లోపల తేల్చుకుని చెబుతానని సుగుణక్కను పంపించాను. ఆ నాలుగు రోజులూ నేను పెద్దమ్మ ఇంట్లో గడిపిన రోజులనే మళ్లీ మళ్లీ తిరగేసుకుంటూ కూర్చున్నాను.

నేను ఉద్యోగ జీవితమంతా మందుల నాణ్యతను పరీక్షించే ప్రయోగశాలలో గడిపినదాన్ని. సీసా మీద ఏమి రాసి ఉన్నదన్నది మాకు ప్రమాణం కాదు, లోపల ఏమున్నదన్నదే ప్రమాణం. ఆ అలవాటు ఎముకల్లోకి దిగిపోయి, చదువుకునే రోజుల్లోనే నన్ను గుడికి దూరం చేసింది. పెళ్లిళ్లకూ సమాధులకూ తప్ప అటు వెళ్లి ఎన్నో ఏళ్లయింది. అందుచేత ఇక్కడ రాస్తున్నదానిలో నేను కళ్లతో చూసినది, చెవులతో విన్నది, ఇతరులు చెప్పగా తెలిసినది వేరువేరుగానే ఉంచుతాను. విచిత్రమేమిటంటే ఈ అలవాటును నాకు మొదట నేర్పినది ప్రయోగశాల కాదు, మా పెద్దమ్మ అరుగు.

అమ్మానాన్నలు పట్నంలో కూలి పనులకు వెళ్లినప్పుడు నన్ను పెద్దమ్మ దగ్గర వదిలారు. అక్కడి నుంచే చేవెళ్ల హైస్కూలుకు వెళ్లేదాన్ని. పెద్దమ్మకు భర్త చిన్న వయసులోనే పోయాడు, పిల్లలు లేరు. పొద్దంతా పటేళ్ల తోటల్లో కొత్తిమీర కోసేది. సాయంత్రం ఇంటికి కూడా తెచ్చి, మరునాడు చేవెళ్ల అంగడికి పోవలసిన కట్టలు కట్టేది. ఆ ఇంటి వాసన ఏదని అడిగితే నాకు మొదట గుర్తుకు వచ్చేది కొత్తిమీరే. తరువాత పెనం మీద అంచు మాడిన జొన్నరొట్టె, ఆ తరువాత కిరసనాయిలు. తెల్లవారకముందే లేచి, చిమ్నీ వెలుగులో వాక్యం చదువుకునేది. పెద్దయ్యాక, మిషను వాళ్లు నడిపిన రాత్రి బడిలో నేర్చుకున్న చదువు కావడం వల్ల ప్రతి మాటనూ వేలితో తొక్కిపట్టి చదివేది. పుటలకు కూడా కొత్తిమీర వాసన పట్టింది. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిపూటా బియ్యం గిన్నెలో నుంచి ఒక పిడికెడు తీసి గుడి కోసం ముంతలో వేసేది. మా గుడి ఆడవాళ్లందరికీ ఉన్న అలవాటే అది. ఇంట్లో బియ్యం లేక గటక వండుకున్న రోజుల్లో జొన్నరవ్వే పిడికెడు వేసేది. ఆ పని చేసేటప్పుడు ఆమె మాట్లాడేది కాదు, నన్నూ మాట్లాడనిచ్చేది కాదు.

మా గుడికి సొంత పాస్టరు లేడు. చేవెళ్లలో ఉండే అయ్యగారు చుట్టుపక్కల ఊళ్లన్నీ చూసుకోవాలి గనుక మాకు నెలకొక్కసారి దక్కేవాడు. మిగతా ఆదివారాలు పాటలు ఎత్తుకోవడం, వాక్యం చదవడం, ఎవరింట్లో జబ్బు ఉంటే వెళ్లి ప్రార్థన చేయడం పెద్దమ్మ పని. వీటికి తోడు మరే గుడిలోనూ నేను వినని పని ఒకటి అయ్యగారు ఆమెకు అప్పగించాడు. ఆదివారం సాక్ష్యం చెప్పదలచినవాళ్లు, అంటే దేవుడు తమకు చేసిన మేలును సంఘం ముందర నిలబడి చెప్పదలచినవాళ్లు, ముందురోజు మధ్యాహ్నం పెద్దమ్మ అరుగు మీదికి వచ్చి ఆ మాటలను ఆమెకు వినిపించాలి. దీన్ని మావాళ్లు 'సాక్ష్యం చూపించుకోవడం' అనేవాళ్లు. ఈ పద్ధతి ఎట్లా పుట్టిందో నేను చూడలేదు, అమ్మ చెప్పింది. ఒకాయన కల్లు మానేశానని పొద్దున గుడిలో సాక్ష్యం చెప్పి, సాయంత్రం కల్లు దుకాణంలో కూర్చున్నాడట. పటేళ్లు నెలల తరబడి మావాళ్లను పట్టుకుని, మీ దేవుడు సాయంత్రాలు సెలవు తీసుకుంటాడా అని అడిగేవాళ్లట.

శనివారాల్లో నేను అరుగు చివర కూర్చుని బడి లెక్కలు చేసుకుంటూ ఆ విచారణలన్నీ వినేదాన్ని. పెద్దమ్మ ఎవరినీ గద్దించేది కాదు. చేతులు కట్టలు కడుతుండగానే, ఎవరు చూశారు, ఎప్పుడు, ముందు ఎట్లా ఉన్నది, తరువాత ఎట్లా అయింది అని నెమ్మదిగా అడిగేది. శామ్యూలు అని పేరుపెట్టినా అందరూ సాయిలు అని పిలిచే కుర్రవాడు ఒకసారి వచ్చాడు. మడి గట్టు మీద తన కాలి మీదుగా పాము పోయిందనీ, ప్రభువా అనగానే కరవకుండా వెళ్లిపోయిందనీ చెప్పాడు.

"ఏం పామురా?"

"నీరుకట్టె, అవ్వా."

"దానికి ఇసమే లేదు గదరా. దేవుడు కాపాడిండు, కాదంటలేను. దేని నుంచి కాపాడిండో అదొక్కటి చెప్పు."

సాయిలు అరుగు మీదే పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆదివారం అతను నిజంగానే లేచి, దేవుడు నన్ను భయం నుంచి కాపాడాడు అని మాత్రం చెప్పి కూర్చున్నాడు. ఆ గుడిలో నేను విన్న సాక్ష్యాలలో దానంత కచ్చితమైనది మరొకటి లేదు. ఇట్లా పెద్దమ్మ అరుగు మీద పెద్ద పెద్ద అద్భుతాలు చిన్నవై, చిన్న చిన్న మేళ్లు ఉన్నంత మేరకు నిలిచేవి. ఉన్నదానికంటే ఎక్కువ చెప్పినా అది అబద్ధ సాక్ష్యమేనన్నది ఆమె మాకందరికీ నేర్పిన మొదటి పాఠం. ఆ పాఠాన్ని అందరికంటే గట్టిగా పట్టుకున్నది సుగుణ.

సుగుణ అప్పుడు కొత్తగా తల్లి అయిన ఇరవై ఏళ్ల పిల్ల. కాపురానికి వచ్చినప్పటి నుంచి పెద్దమ్మ వెంటే తిరిగేది. పెద్దమ్మే ఆమెకు అక్షరాలు నేర్పింది. బిడ్డ పుట్టిన కొన్ని నెలలకు ఆమెకు దగ్గుతో రక్తం పడింది. పెద్దమ్మ తనే వెంటబెట్టుకుని దవాఖానకు తీసుకుపోయింది. క్షయ అన్నారు. ఆ రోజుల్లో మందులు ఏడాదికి పైగా మింగాలి, మొదట్లో సూదులు కూడా ఉండేవి. ఇక్కడ నా వృత్తికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. ఆ మందులు మొదలుపెట్టిన కొద్ది నెలలకే జ్వరం పోతుంది, దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ఒళ్లు చేస్తుంది. క్రిములు మాత్రం లోపల మిగిలే ఉంటాయి. అప్పుడు రోగి నాకు నయమైందని చెబితే ఆమె అబద్ధమాడుతున్నట్టు కాదు. తనకు తెలిసినది నిజంగానే చెబుతున్నది. తెలియనిది మాత్రమే మిగిలిపోతున్నది.

సరిగ్గా ఆ దశలో మొయినాబాదు అవతల ఒక పొలంలో స్వస్థత సభలు జరిగాయి. ఎక్కడి నుంచో వచ్చిన బోధకుడు సుగుణ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాడు. నేను ఆ సభకు వెళ్లలేదు. సుగుణ చెప్పినదాన్ని బట్టి ఒంట్లో వేడి ప్రవహించినట్టయిందట, ఆ రాత్రి దగ్గు రాలేదట. తరువాతి శనివారం ఆమె మా అరుగు మీదికి వచ్చింది. మరునాడు పంట పండుగ. తొలి పంటను గుడికి తెచ్చే రోజు కావడంతో చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు వస్తారు, అయ్యగారు కూడా వస్తాడు. ఆ సంభాషణ నేను విన్నాను. మాటలు అటూఇటూ అయినా సారం ఇదే.

"అవ్వా, నాకు నయమైంది. రేపు సాక్ష్యం చెప్త."

"దవాఖానల చెప్పిన్రా?"

"వాళ్లేం చెప్తరు? నా పానం నాకు ఎరుక గాదా? దగ్గు లేదు, జరం లేదు."

"సంతోషం బిడ్డా. గోలీలు మింగుతున్నవా?"

సుగుణ ఒళ్లోని బిడ్డను సర్దుకుంది. నయమైన తరువాత మింగితే నమ్మకం లేనట్టే కదా అన్నది. పెద్దమ్మ చేతిలోని కట్ట కింద పెట్టింది. అంతవరకు ఏ విచారణలోనూ ఆమె చేతులు ఆగడం నేను చూడలేదు. చేవెళ్లకు పోయి తెమడ పరీక్ష చేయించుకొమ్మన్నది. జబ్బు లేదని వాళ్లు చెబితే తానే చెయ్యి పట్టుకుని సంఘం ముందర నిలబెడతానన్నది.

"దేవుని మీద పరీక్షనా అవ్వా?"

"దేవుని మీద గాదు. నీ మీద."

"పండుగ పోతది గదా."

"పండుగ మల్ల వస్తది. నువ్వు ఉండాలె. రేపు చెప్పొద్దు."

సుగుణ బిడ్డను భుజాన వేసుకుని లేచి వెళ్లిపోయింది. మరునాడు గుడి కిక్కిరిసింది. జొన్న కంకులు, గుమ్మడికాయలు, టమాట గంపలు ప్రసంగ వేదిక చుట్టూ పేర్చారు. అయ్యగారు సాక్ష్యాలకు సమయమిచ్చినప్పుడు సుగుణ అత్త వెనక నుంచి ఆమె భుజం మీద చెయ్యి వేసి తోయడం నేను చూశాను. సుగుణ లేచి నిలబడి, తనకు క్షయ పూర్తిగా పోయిందనీ, మందులతో ఇక పని లేదనీ చెప్పింది. జనం స్తోత్రం స్తోత్రం అన్నారు, అత్త ఏడ్చింది. పెద్దమ్మ చూడకుండా మా గుడిలో ఎవరూ సాక్ష్యం చెప్పరు గనుక ఇదీ చూసినదే అనుకున్నారు అందరూ. పెద్దమ్మ లేవలేదు. ఎందుకు లేవలేదో నాకు తెలియదు. ఆమె ముఖం నాకు కనిపించే చోట నేను కూర్చోలేదు.

కొన్ని వారాలకే దగ్గు తిరిగి వచ్చింది. సుగుణ దాచిపెట్టింది గానీ దగ్గు దాగేది కాదు. పెద్దమ్మ దవాఖానకు పోయి గోలీలు తెచ్చి, కొంగున కట్టుకుని రోజూ ఆమె ఇంటికి వెళ్లేది. చాలాసార్లు నేనూ వెంట ఉన్నాను. అత్త ముఖం తిప్పుకునేది. సుగుణ గడప లోపల నిలబడి, వద్దని చెయ్యి ఊపేది. ఒకరోజు బతిమాలుతున్న పెద్దమ్మతో ఆమె ఒక మాట అన్నది.

"ఇప్పుడు మింగితె గుళ్లె చెప్పింది అబద్ధమైతది గద అవ్వా. అబద్ధ సాక్ష్యం చెప్పొద్దని నువ్వే గద నేర్పినవ్."

పెద్దమ్మ గోలీలు మళ్లీ కొంగున కట్టుకుంది. ఇంటికి వచ్చి ఎసరు పెట్టి, పొయ్యి ముందర అట్లాగే కూర్చుండిపోయింది. ఎసరు మరిగి పొంగి పొయ్యిలో పడితే నేను దించాను. ఇతరులు నిజంగా బతకాలని తాను ఏళ్ల తరబడి నిలబెట్టిన కట్టుబాటే ఇప్పుడు ఒక పసిబిడ్డ తల్లి గొంతు మీద కూర్చున్నదని ఆమెకు ఆ సాయంత్రం అర్థమై ఉంటుందని నేను అనుకుంటున్నాను. ఇది ఊహ, ఆమె చెప్పలేదు.

ఆ ఆదివారం అయ్యగారు రాలేదు. పాటలయ్యాక పెద్దమ్మ వాక్యం చదవకుండా పుస్తకం మూసి నిలబడింది. నేను ఆడపిల్లల వరుసలో ముందే ఉన్నాను. ఆమె మాటలు ఇవి.

"పండుగ నాడు సుగుణ చెప్పిన సాక్ష్యం నేను ముందుదినం చూసిన. సరిగ్గ చూడలే. దవాఖాన పరీక్ష అడుగాల్సి ఉండె, అడుగలే. చెప్పు బిడ్డా అన్న. పిల్ల నా మాట మీద చెప్పింది, దాని నోట్ల అబద్ధం లేదు. తప్పు నాది. దానికి జబ్బు ఇంకా ఉన్నది. గోలీలు మింగాలె."

గుడిలో అందరికంటే ముందు మాట్లాడినది సుగుణ అత్త. నా కోడలిని చంపుతుంటివి కదా మార్తా అన్నది. కళ్లు మూసుకుని చూశావా సాక్ష్యం అని మగవాళ్ల వైపు నుంచి ఎవరో అన్నారు. పెద్దమ్మ అవునన్నట్టు తల వంచింది. సుగుణ బిడ్డ తలలో ముఖం దాచుకుని కూర్చున్నది. నేను లేచి ఏదో చెప్పబోయాననీ, పెద్దమ్మ నా వైపు చూసిందనీ, ఆ చూపుకు కూర్చున్నాననీ నా జ్ఞాపకం. అయితే ఆ జ్ఞాపకంలో నాకు నమ్మకం లేదు. లేచి ఉంటే బాగుండునన్న కోరిక తరువాత అల్లిన దృశ్యం కావచ్చు అది.

ఆ సాయంత్రం నుంచి అత్త తన చేత్తోనే సుగుణకు గోలీలు వేసింది. ఏడాదికి పైగా ఒక్కపూట తప్పకుండా వేసిందని విన్నాను. సుగుణ బతికింది. ఈ రోజుకూ ఉన్నది. దేవుడు బతికించాడో, మందులు బతికించాయో అన్న వాదన నా దగ్గరకు తెస్తే నా జవాబు నాకున్నది. ఆ మందులను ఆమె నోటిదాకా చేర్చినది మాత్రం ఒక అబద్ధమన్నది నేను చూసిన విషయం.

అయ్యగారు వచ్చాక సాక్ష్యాలు చూసే పనిని పెద్దమ్మ నుంచి తీసి పెద్దమనుషులకు ఇచ్చాడు. వాళ్లు కొన్నాళ్లు చూసి వదిలేశారు. ఇప్పుడు ఎవరికి మైకు అందితే వాళ్లు చెబుతారు. చెప్పినదాన్ని ఫోనులో పట్టి నలుగురికీ పంపుతారు. ఎవరు చూశారని అడిగేవాళ్లు లేరు. ఆ మార్పు ఒక్క అబద్ధంతోనే మొదలైందని చెబితే అది కొలతకు నిలవదు, కాలం కూడా మారింది. కానీ మా అరుగు మీద శనివారం మధ్యాహ్నాలు ఖాళీ అయినది మాత్రం ఆ వారం నుంచే. పెద్దమ్మ చాప పరిచేది, కట్టలు ముందర వేసుకునేది, ఎవరైనా సందు మలుపు తిరిగితే తలెత్తేది. వచ్చినవాళ్లు వందనాలు చెప్పి సాగిపోయేవాళ్లు. ప్రార్థనకు పిలవడం మానేశారు. ఎదురైతే సుగుణ కొంగు సర్దుకుని మరో దారిన వెళ్లేది.

మరొకటి కూడా మారింది. నెలకొకసారి అయ్యగారు వచ్చి రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్ల ఉంటుంది. పాపం ఒప్పుకుని విడిచినవాళ్లు దానికి చేయి చాపుతారు. ఆ రోజు నుంచి చివరిదాకా పెద్దమ్మ చేయి చాపలేదు. పళ్లెం వచ్చినప్పుడు అందుకుని, పక్కవాళ్లకు అందించేది. అయ్యగారు శిక్ష వేశాడేమో అనుకున్నారు తెలియనివాళ్లు. ఆయన వేయలేదు. ఆ తరువాత వచ్చిన పాస్టర్లు ఒక్కొక్కరూ అడిగారు, ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఉద్యోగం ముగిశాక నేను మొయినాబాదులో ఇల్లు తీసుకుని, శనివారాలు ఆమె దగ్గరకు వెళ్లేదాన్ని. చుట్టూ ఫామ్‌హౌసుల ప్రహరీలు లేచాయి, కొత్తిమీర మళ్లు తగ్గాయి. ఆమె చేతుల్లో పని లేక చాప అంచులు దువ్వుకుంటూ ఉండేది. మేమిద్దరమే కూర్చునేవాళ్లం. ఆ అరుగు మీద నేనొక్కదాన్నే కూర్చున్నా ఇంతకంటే ఒంటరితనం ఉండేది కాదేమో. ఒకసారి, ఎందుకట్లా చెప్పావని అడిగాను.

"ఆ పిల్ల గోలీలు మింగిందా లేదా?"

"మింగింది."

"మరింకేంది?"

బల్ల సంగతి అడిగాను. తప్పు ఒప్పుకుని విడిచిపెట్టినవాళ్లకు కదా బల్ల అన్నది. తాను ఆడిన అబద్ధాన్ని ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే సుగుణ ఊరి ముందు అబద్ధపు సాక్షి అవుతుంది. "పోనీ లోపల్నన్న పశ్చాత్తాప పడుదమంటె, మల్ల అదే దినం వస్తె మల్ల గదే చెప్త బిడ్డా. దేవున్ని ఎట్ల మోసం జెయ్య?" అన్నది. నేను నమ్మని దేవుని ముందు ఒక మనిషి ఇంత నిజాయితీగా నిలబడగలగడాన్ని ఎక్కడ లెక్కవేసుకోవాలో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. మనుషులను నీతి మార్గాన నడిపించినవాళ్ల గురించి బోధకులు చాలా గొప్పగా చెబుతారు. ఒక మనిషిని నడిపించడానికి తన నీతిని దారిలో పరిచి వదిలేసినవాళ్ల గురించి చెప్పగా నేను వినలేదు.

శుక్రవారం సాయంత్రానికి నేను తేల్చుకున్నాను. తప్పుడు నివేదికను సరిదిద్దేటప్పుడు అది ఎవరికి మేలు, ఎవరికి కీడు అన్నది మా వృత్తిలో లెక్కలోకి రాదు. అదీ కాక, ఎవరిని కాపాడడానికి ఆ మాట పుట్టిందో ఆ మనిషే ఇక ఆ కాపుదల వద్దంటున్నది. సుగుణక్కకు ఫోను చేసి వస్తానన్నాను.

ఆదివారం గుడి ముందర షామియానా వేశారు. చేవెళ్ల నుంచి వచ్చిన పాస్టరు చిన్నవాడు, పెద్దమ్మను ఆమె మంచం పట్టాక మాత్రమే చూసినవాడు. సుగుణక్క మైకు వద్దని చేత్తో తోసి, ఆనాడు పెద్దమ్మ వద్దన్న సంగతీ, వద్దన్నా తాను చెప్పిన సంగతీ, తరువాత ఆ తప్పును పెద్దమ్మ తన మీద వేసుకున్న సంగతీ చెప్పింది. "మార్తవ్వ బల్లకు దూరమైంది నా మూలంగనే. నేను నోరు తెరువలే" అన్నది. తరువాత నేను నిలబడ్డాను. ఆ శనివారం అరుగు మీద ఉన్నాననీ, పరీక్ష చేయించుకొమ్మనీ సాక్ష్యం చెప్పవద్దనీ పెద్దమ్మ అనడం విన్నాననీ, అంతకు మించి నాకు తెలిసినది లేదనీ చెప్పాను. కూర్చుని, సంఘం ముఖాలు చూశాను. చిన్నవాళ్లకు ఇదంతా ఎవరి గురించో అర్థం కాలేదు. పెద్దవాళ్లు నేల చూస్తున్నారు. ఒక్కరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. పాస్టరు ఆమెన్ అని, పాట ఎత్తుకొమ్మన్నాడు.

భోజనాల దగ్గర సాయిలన్న నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు ఆయన చేతికర్ర లేకుండా నడవలేడు. నేను ఉండబట్టలేక, మీకు ఆశ్చర్యం కలగలేదా అని అడిగాను.

"మార్తవ్వ అడుగకుండ ఒక సాక్ష్యం వదిలిపెట్టిందంటె ఎవడు నమ్ముతడు బిడ్డా? ఆ దినమే అందరికి ఎరుకైంది. బల్లకు చెయ్యి చాపకపోయేసరికి ఖాయమైంది."

"అందరికా?"

"సుగుణ అత్తకు గూడ ఎరుకే. ఎరుక గాబట్టే తన చేత్తోని గోలీలేసింది."

అన్నం నా చేతిలోనే ఉండిపోయింది. మరి ఆమెతో ఒక్కరైనా ఆ మాట ఎందుకనలేదని అడిగాను. ఆయన విస్తరి అంచు మడిచాడు.

"ఏమనాలె? నీది అబద్ధమని మాకెరుకే అంటె సుగుణ ఏమైతది? ఆమె అంత పెట్టి కప్పింది, మేం తీస్తమా? ఇగ ఊకె పోయి కూసుందమంటె, ఆమె మొఖం జూడవశం గాకపోయేది. రేపు పోదం, ఎల్లుండి పోదం అనుకుంట అట్లనే పోయినయి దినాలు."

కర్ర ఊతంతో లేచి, చేయి కడుక్కోవడానికి వెళ్లాడు. ఊరంతా ఆమెను నమ్మలేదు. నమ్మకపోవడం వల్లనే గౌరవించింది. గౌరవించడం వల్లనే మాట్లాడలేకపోయింది. ఆ అరుగు ఖాళీ కావడానికి ఇంతకాలం నేను అనుకున్న కారణం తప్పు. సరైన కారణం తెలిసినంత మాత్రాన గడిచిన శనివారాలు తక్కువ ఖాళీగా మారలేదు.

షామియానా విప్పుతున్న వేళ సుగుణక్క నన్ను వెతుక్కుంటూ వచ్చింది. సాయిలన్న ఆమెకూ చెప్పినట్టున్నాడు.

"వీళ్లందరికి ఎరుకని అవ్వకు ఎరుకేనా చెల్లె?"

తెలిసి ఉంటే పెద్దమ్మ గడిపిన జీవితం ఒకటి. తెలియకపోతే అది పూర్తిగా మరొకటి. ఆ రెంటిలో ఏది నిజమో చెప్పగల మనిషిని పదిహేను రోజుల కిందట మట్టిలో పెట్టి వచ్చాం.

"తెల్వదక్కా" అన్నాను.

ఆమె తల మీదికి కొంగు లాక్కుని గుడిలోకి వెళ్లింది. లోపల ఎవరూ లేరు. నేను చెప్పులు విడవకుండా మెట్టు మీదే కూర్చున్నాను. తలుపు ఓరగా ఉండడం వల్ల ఆమె గొంతు వినిపిస్తున్నది, మాటలు తెలియడం లేదు. ప్రార్థిస్తున్నదో, పెద్దమ్మతో మాట్లాడుతున్నదో, ఏడుస్తున్నదో బయటికి తేడా తెలియలేదు. ఆమె బయటికి వచ్చేదాకా ఉన్నాను. వచ్చాక అడగలేదు.